కూర్చోబెట్టినవాళ్ళని అన్నం అడిగిన సోమన్న

సోమన్న పోయాడన్న కబురు అరకు సంతలో విన్నాను. బేరమాడుతున్న సరుకు అక్కడే వదిలేసి నిలబడిపోయాను. ముందు వారమే ఘాట్ రోడ్డు మలుపులో ఎదురై, కిటికీలోంచి చెయ్యి ఊపి వెళ్ళినవాడు. నమ్మబుద్ధి కాలేదు. ఆయన ఊరు చేరేసరికి లారీ ఇంటి ముందే ఉంది. సరుకు మీద బిగించిన తాళ్ళు బిగించినట్టే ఉన్నాయి. ఆయన భార్య గౌరమ్మ నన్ను చూసి, "పొద్దున్నే గుండెల్లో నొప్పన్నాడు బాబూ. ఆటో వచ్చేలోగా ఎల్లిపోనాడు. తనకోసం ఎవుల్నీ ఆపనేదు" అంది.

సోమన్నది ఒక్క లారీ. తనే యజమాని, తనే డ్రైవరు. కొండ రైతులు సంతలో అమ్మిన అల్లం, చింతపండు, పిప్పళ్ళు దిగువన శృంగవరపుకోటలోని షావుకారు యార్డుకు చేర్చేవాడు. వచ్చేటప్పుడు బియ్యమో సిమెంటో ఎక్కించుకొచ్చేవాడు. నేను దినపత్రికకు వార్తలు రాసే కొత్తలో, బస్సు తప్పిపోయిన రోజున నా వార్తల కవరు ఆయన కేబిన్‌లోనే కొండ దిగేది. కొన్నిసార్లు కవరుతో పాటు నేనూ దిగేవాణ్ణి. బొర్రా దాటాక బ్రేకుల వాసన, పొగమంచు, ఇంజను మోతకు పైన ఆయన కబుర్లు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ మనసు చల్లబడుతుంది.

కొండ దిగడం కష్టం కాదు. యార్డు గేటు ముందు పడిగాపులే కష్టం. సరుకుతో బండిని నిలబెట్టినందుకు ఇవ్వవలసిన డబ్బును లారీవాళ్ళు హాల్టింగ్ అంటారు. పెద్ద ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల బళ్ళకు అది దక్కుతుంది. ఒంటి లారీవాడు అడిగితే మరుసటి సంతకు లోడు దక్కదు. అందుకే అందరూ బండి నీడన చేరి, బీడీలు కాలుస్తూ షావుకారును లోగొంతుకతో తిట్టుకునేవారు. సోమన్న తిట్టేవాడు కాదు. "తిడితే ఇంకా ఆకలేత్తది బాబూ" అనేవాడు.

ఆయన ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. గడపలోకి వచ్చిన మనిషిని "కూర్చో" అని మధ్యాహ్నం దాటించారంటే, ఆ ఇంటివాళ్ళు తిండి పెట్టి తీరాలి. లేకపోతే ఆ మనిషి రోజును దొంగిలించినట్టే లెక్క. లోకమంతా ఇలాగే ఉంటుందని సోమన్న అనుకున్నాడు. ఒకనాడు షావుకారు "కూకో, దింపుతాం" అన్నాడు. పొద్దు నడినెత్తికెక్కినా పిలుపు రాలేదు. మర్చిపోయారు కాబోలనుకుని, సీటు కింద ఉన్న అడ్డాకు విస్తరి తీసుకుని, యార్డు వెనకనున్న ఇంటి పెరట్లోకి వెళ్ళాడు. ఆ రోజు కవరుతో దిగినవాణ్ణి కనక నేనూ వెనకే ఉన్నాను.

షావుకారు తల్లి బయటికొచ్చి, "ఎవరు నాయనా?" అంది.

"మీ అబ్బాయి కూకోమన్నాడమ్మా. మజ్జానం దాటిపోనాది. ఆకు నేను తెచ్చుకున్నాను."

ఆవిడ ఆకు మీద నీళ్ళు చల్లి వడ్డించింది. కాసేపటికి భోజనానికి వచ్చిన షావుకారు అరుగు దగ్గరే ఆగిపోయాడు. "ఏటి సేత్తన్నావు ఇక్కడ?"

"తింటన్నాను బాబూ. నువ్వే కదా కూకోబెట్టినావు."

కొడుకు నోరు తెరిచేలోగా తల్లి అందుకుంది: "కూకోబెట్టేది నువ్వూ, పెట్టేది నేనూనా? బేగి దింపించు, నాకు మళ్ళీ ఎసరు పెట్టే ఓపిక లేదు!"

ఆ పూట లారీ ఖాళీ అయింది. ఈ సంగతి మిగతా డ్రైవర్లకు తెలిసిపోయింది. మర్నాటి నుంచి ఆ పెరట్లో విస్తళ్ళు వరస కట్టాయి. షావుకారుకు తల తీసేసినట్టయింది. సోమన్నను పిలిచి, "ఈ యాపారం నువ్వే మొదలెట్టినావు. తప్పయిందని నలుగురిలో సెప్పు. నేదా, నా సరుకు నీ బండెక్కదు" అన్నాడు.

సోమన్న చెప్పలేదు. లోడు ఆగిపోయింది. లారీ మీద ఫైనాన్సు బాకీ ఉంది. నాలుగు నెలలు చక్రం తిరగకపోతే బండి పోతుంది. గౌరమ్మ పోరు పెట్టింది: "మాటే కదా, అనేసి రారాదా? నీ మాటేమన్నా బంగారమా?" నేనూ ఆ మాటే అన్నాను. సోమన్న నా వైపు తిరిగి అడిగాడు: "సెప్పొచ్చు బాబూ. ఏటని సెప్పాల? ఆకలేసినందుకు తప్పయిందనా?"

అల్లం కోతలు వచ్చాయి. సంతకు షావుకారు గుమస్తా వేరే లారీతో వచ్చాడు. రైతులు బస్తాలు తెచ్చారు గాని ఎక్కించలేదు, వాటి మీదే కూర్చున్నారు. "సోమన్న బండి రానీ. అల్లం కుళ్ళనీకుండా తాళ్ళిప్పి గాలాడించినోడు ఆడొక్కడే" అన్నాడు ఒక పెద్దాయన. గుమస్తా బతిమాలాడు, బెదిరించాడు. పొద్దు నెత్తికెక్కింది. అప్పుడు ఒక ముసలమ్మ ఆకుదొప్పలో రాగి అంబలి పోసి గుమస్తా చేతికిచ్చింది. "తాగు గుంటడా. మేమే కదా నిన్ను కూకోబెట్టినాం."

సంతంతా నవ్వింది. గుమస్తా కూడా నవ్వి తాగాడు. సాయంత్రానికి, లోడు ఎక్కించుకు రమ్మని షావుకారు నుంచి సోమన్నకు కబురొచ్చింది. క్షమాపణ ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. తర్వాత షావుకారు యార్డులో ఒక రేకుల షెడ్డు వేసి వంటమనిషిని పెట్టాడు. బియ్యం ఖర్చుకు భయపడో ఏమో, చాలా బళ్ళను మధ్యాహ్నంలోపే దింపించేసేవాడు. "హాల్టింగ్ అడిగితే లెక్క సూత్తారు బాబూ, అన్నం అడిగితే మొకం సూడాల" అని సోమన్న నవ్వేవాడు. ఆయన గెలిచాడని నేను వార్త రాస్తానంటే ఒప్పుకోలేదు. "రాస్తే షావుకారు సిన్నబోతాడు. ఆళ్ళమ్మ సేతి అన్నం తిన్నాను" అన్నాడు. అంతటి మర్యాదస్తుడు.

ఆ షావుకారు ఎప్పుడో పోయాడు, యార్డు చేతులు మారింది. సోమన్న దినకర్మలు అయ్యాక ఒకరోజు అటుగా వెళ్ళాను. గేటు మూసి ఉంది, లారీలు రోడ్డు పొడవునా నిలిచి ఉన్నాయి. వంతు వచ్చినప్పుడు ఫోనుకు మెసేజ్ వస్తుందట. లోపల ఎవరున్నారో డ్రైవర్లకు తెలియదు, బయట ఎవరున్నారో లోపలివాళ్ళకూ తెలియదు. తల నెరిసిన ఒక డ్రైవరును, ఎంతసేపటి నుంచి ఉన్నావని పలకరించాను. "నిన్న ఈ యేల నుంచి" అన్నాడు.

"అన్నం అడక్కపోయావా?"

అతను మూసి ఉన్న గేటు వంక, చేతిలోని ఫోను వంక చూశాడు. "ఎవుల్ని అడగాల బాబూ? కూకోమని నాతో ఎవులూ అననేదు."

ఈ మాటకు సోమన్న ఏమనేవాడోనని దారంతా ఆలోచిస్తూ కొండెక్కాను. నాకేమీ తోచలేదు. ఆయనకైతే తోచేది.