నాలుగో లోపం

ఆ ఆదివారం పొద్దున పటేల్‌గూడలో నేను కిరాయికుండే రేకుల గదిలో ఉన్నవి: గోడకు వేలాడే పాత గిటార్లు ఐదు, కొలతలు తీసే వర్నియర్ కాలిపర్ ఒకటి, కిటికీకి కట్టిన తడి గోనెపట్టాలు రెండు, నా నోట్‌బుక్. ఉన్న మనుషులు ముగ్గురు: నేను, ఇంటి ఓనరమ్మ, మా ఫ్యాక్టరీలో ఇనుప రేకులు అచ్చొత్తే ప్రెస్ షాపులో పనిచేసే ఆపరేటర్ అన్న.

ఎండాకాలం రేకుల వేడికి పాత చెక్క పగులుతుంది. అందుకే గోనెపట్టాలు. ఓనరమ్మ వాటిని చూసి, "పెండ్లి చేస్కో బిడ్డా అంటే ఇనవు. వీటికైతే జరమొచ్చిన పోరలకు లెక్క తడిబట్టలు కడ్తవు" అని నవ్వి వెళ్లిపోయింది.

అన్న నవ్వలేదు. అతను మూడో గిటార్‌నే చూస్తున్నాడు. నాలుగు నెలల కిందటి దాకా అది అతనిదే. పదిహేనేళ్లు పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాతో కలిసి దాన్నే వాయించాడు. ప్రెస్ కింద కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు పోయాక, ఒకరోజు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇగ నాకెందుకు తమ్మీ. నువ్వు పాతవి జమ చేస్తవు గదా, నీ తాన మంచిగుంటది."

నేను క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని. డిప్లొమాలో నేర్చుకున్నదీ, రోజూ చేసేదీ ఒకటే: కొలవడం, లోపం రాయడం, సరిచేయించడం. ఆ గిటార్‌కూ అట్లాగే రాశాను. ఒకటి, మెడ వంపు. రెండు, తీగలు బిగించే మరలకు తుప్పు. మూడు, వెనక పగులు. నాలుగు, తీగల కింద చెక్కలో చిన్న గుంట. నాలుగూ సరిచేశాను. గుంటలో పుట్టీ నింపి, ఎమరీ కాగితంతో రుద్ది, మూడు పూతలు పాలిష్ వేశాను. వేలితో తడిమితే అదెక్కడుండేదో నాకే దొరకలేదు. ఆ సంగతి షాపులో ఇద్దరికి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

"ఒక్కసారి ఇస్తవా?" అన్నాడు అన్న. "బొటనవేలు, చూపుడువేలు ఉన్నయి గదా. రెండిటితోని అయితదా అని నెల సంది సోంచాయిస్తున్న."

దించి ఇచ్చాను. మంచం అంచున కూర్చుని, చిటికెన వేలిని తీగల కింద చెక్కకు ఆనించాడు. జారింది. మళ్లీ ఆనించాడు. రెండు తీగలు మీటేసరికి చెయ్యి మొత్తం పక్కకు పోయింది. అన్న చెక్క మీద వేలితో వెతికాడు.

"ఈడ నా జాగ ఉండాలె. చిటికెన వేలు ఆనే జాగ. ఏది?"

"లోపమనుకొని నింపేసిన అన్నా. జెర ఆగు, గీకి తీస్తా."

"గీకితే గుంట వడ్తది. నా జాగ వస్తదా? పదిహేనేండ్లకు వడ్డది తమ్మీ అది."

ఇంకొకసారి ప్రయత్నించి, గిటార్‌ను మంచం మీద పెట్టాడు. తీసుకుపొమ్మన్నాను. "ఈ చెయ్యి ఇగ దాని మీద ఆగదు. మంచిగనే చేసినవ్ తియ్, కొత్తదాని లెక్కుంది" అని చెప్పులేసుకున్నాడు.

తర్వాత షాపులో కనబడితే పని మాటలే మాట్లాడేవాడు. నేను ఇంకా కొన్ని పాత గిటార్లు కొన్నాను. ఒక్కదాన్నీ రుద్దలేదు.

నోట్‌బుక్ ఇంకా నా దగ్గరుంది. నాలుగో లోపానికి ఎదురుగా నా చేతిరాత: లోతు 0.8 మిల్లీమీటర్లు, సరిచేశాక 0.0.