కోయకూడని చేను

అక్షరాలు నాకు అరవై దాటాక వచ్చాయి. ఏలూరు లైబ్రరీలో వేలు పెట్టుకుని చదువుతుంటే ఒక పుస్తకంలో ఇలా ఉంది: దొరల కాలంలో కోతలయ్యాక ఖజానాకు శిస్తు పోటెత్తేదట, తుఫాను నెలల్లో సన్నగిల్లేదట. అంతే, ఒకే వాక్యం. అది చదివేసరికి మా అమ్మమ్మ చెప్పిన చేను కళ్ల ముందు తేలింది.

నా చిన్నప్పుడు కొల్లేటిలో తాటిదోనె మీద జమ్ము కోసుకొస్తూ చెప్పేది. దోనె ఊగుతుంటే నాకు సగం నిద్ర. ఆవిడ చెప్పే నీళ్లూ నేను చెయ్యి ముంచిన నీళ్లూ ఒకటే అనిపించేవి.

ఆవిడ చిన్నపిల్లగా ఉండగా, కోతకొచ్చిన చేను మీదకు తుఫానుకి కొల్లేరు పొంగి వచ్చింది. మునిగి కోసుకుంటే గింజలు దక్కేవే. కానీ పంట పోయిందని అధికారి కళ్లారా చూస్తేనే శిస్తు మాఫీ. ఒక్క పన, చేతికొచ్చినన్ని కంకులు కోసినా పండినట్టే లెక్క.

"కొడవలి తెండి, ఉన్నది కోసుకుందాం," అంది వాళ్లమ్మ.

"ఆగవే. కోస్తే శిస్తు నెత్తినపడుద్ది. కట్టకపోతే చేనే పోద్ది," అన్నాడు వాళ్ల నాన్న.

"ఆయనొచ్చేలోపు గింజ పోతేనో?"

"రేపో ఎల్లుండో వస్తాడులే."

"వస్తాడు, వస్తాడు. బట్టలు తడవకుండా రావాలి కదండీ!"

చూస్తూ కూర్చున్నారు. అమ్మమ్మ రోజూ దోనె మీద వెళ్లి తొంగిచూసేదట. తేటనీటి అడుగున బంగారు కంకులు, వాటి మధ్య చేపపిల్లలు, కొమ్మల్లో పిట్టల్లా. కింద ఇంకో ఊరుందనీ, వాళ్లు నేడో రేపో కోతకు దిగుతారనీ అనుకునేదట.

నీరు కాస్త తీసి, ఎండ కాసింది. ఒరిగిన కంకుల్లో గింజగింజకీ మొలకొచ్చింది. అధికారి పడవ అప్పుడొచ్చింది. ఆయన గొడుగు కిందనుంచి కదలకుండా దూరాన్నుంచే చూశాడు.

"ఏమయ్యా, చేను ఇంత పచ్చగా ఉంటే మాఫీ ఏమిటి?"

వాళ్లమ్మ మోకాలిలోతు నీళ్లలో దిగి, ఒక కంకి తుంచి ఆయన చేతిలో పెట్టింది.

"అయ్యగారండీ, ఇవి అన్నానికి రావండీ, నారు పోసుకోడానికండీ. కొరికి చూడండి."

ఆయన కొరికాడు. మొహం చిట్లించి నీళ్లలోకి ఉమ్మాడు. "పోయిందని రాసుకో," అన్నాడు పక్కనున్న గుమాస్తాతో.

ఖజానా ఆ మేరకు సన్నగిల్లింది. వీళ్లూ సన్నగిల్లారు. చేను మాత్రం దక్కింది. ఆ ఏడంతా కలువ దుంపలు ఉడకబెట్టుకుని తిన్నారు.

"బాగుంటాయా అమ్మమ్మా?" అని అడిగాను.

"ఛీ," అంది.