మధ్య సందులో మా అత్త

మా నాన్నకూ బాబాయికీ మాటలు ఆగిపోయింది ఒక పన్ను వల్ల. పళ్ల డాక్టరుగారి బోర్డుకి నాన్న అక్షరాలు కూర్చాడు, బాబాయి పన్ను బొమ్మ వేశాడు. ఆ పన్ను ఎంత పెద్దదంటే, డాక్టరుగారి పేరు సగం దాని వెనకాల దాక్కుంది. ఆయన బోర్డు వద్దని వెళ్లిపోయాడు. "నీ అక్షరాలు కాస్త జరపొచ్చుగా" అని తమ్ముడు, "నీ పన్ను పీకొచ్చుగా" అని అన్న. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నారు.

ముందు ఇల్లు పంచుకున్నారు. అవతలివాడి జాగాలోకి వచ్చావన్న మాట పడకూడదని ఇద్దరూ తలో అడుగూ వెనక్కి జరిగి ఎవరి గోడ వాళ్లు కట్టుకున్నారు. మధ్యలో ఎవరిదీ కాని సందొకటి మిగిలింది. తర్వాత బోర్డుల షాపు వంతు వచ్చింది. పొద్దున నాన్న, మధ్యాహ్నం బాబాయి అని పూటలు వేసుకున్నారు. ఉన్న ఒక్క కంప్యూటర్ని మెకానిక్ చేత లోపల రెండు వాటాలు చేయించారు. నాన్న వాటాలో ఆయనకు అలవాటైన పాత ఆపరేటింగ్ సిస్టమ్, బాబాయి వాటాలో కొత్తది, ఎవరి పాస్‌వర్డ్ వాళ్లకి. చివర్లో కాస్త జాగా మిగిలితే, "ఇదెవరికండీ?" అన్నాడు మెకానిక్. "వాడికి మాత్రం వద్దు" అన్నారు ఇద్దరూ, చెరో గోడవైపూ చూస్తూ. మెకానిక్ దాన్ని అలాగే వదిలేసి తన దారిన తను పోయాడు.

ఇక మా అత్త. ఆ ఇద్దరికీ అక్క. మామయ్య పోయినప్పటినుంచి షాపులో కౌంటర్ దగ్గరి కుర్చీ ఆవిడదే. ఆర్డర్లు తీసుకోవడం, బేరాలు తెగ్గొట్టడం, ఆలస్యమైతే తియ్యగా అబద్ధాలు చెప్పడం ఆవిడ పని. ఇంకా మొదలే పెట్టని బోర్డు గురించి "రంగు ఆరుతోందండీ, ముట్టుకుంటే అంటుకుంటుంది" అని ఎంత నమ్మకంగా చెప్పేదంటే, నేను కూడా తల తిప్పి గోడవైపు చూసేదాన్ని.

వాటాలయ్యాక షాపు సగం ప్రాణంతో నడిచింది. నాన్న బోర్డుల్లో అక్షరాలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. బాబాయి బోర్డుల్లో బొమ్మలు ముచ్చటగా ఉండేవి, అక్షరాలు మాత్రం తప్పుల తడక. గిరాకీ పడిపోయింది. చివరికి ఇద్దరూ, ఒకరికి తెలియకుండా ఒకరు, అత్తకు ఒకే మాట చెప్పారు. అన్నీ అమ్మేసి షాపు మూసేద్దాం, నువ్వు ఒక నెల వాడింట్లో, ఒక నెల మా ఇంట్లో ఉందువుగాని.

"ఈ కుర్చీ పోతే రెండిళ్లలోనూ నేను చుట్టాన్నేనే" అంది అత్త నాతో. "చుట్టమయ్యాక కాఫీ చల్లారిపోయినా బాగుందనే అనాలి." నవ్వుతూనే అంది కానీ నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కాసేపటికి ఆవిడే అడిగింది. "ఆ మెకానిక్ వదిలేసిన జాగాలో నాకేమన్నా పడుతుందా?"

"తేలికపాటి సిస్టమ్ ఒకటుంది అత్తా. చోటు పెద్దగా అక్కర్లేదు. ముసలి కంప్యూటర్లో కూడా చకచకా నడుస్తుంది."

మర్నాడు దాన్ని పెన్‌డ్రైవ్‌లో పట్టుకొచ్చాను. నాన్న భోజనానికి వెళ్లాడు, బాబాయి ఇంకా రాలేదు. షట్టర్ సగం దించి మొదలుపెట్టాం. స్క్రీన్ మీద ప్రశ్న వచ్చింది, ఉన్నవన్నీ చెరిపేసి ఎక్కించాలా, ఉన్నవాటి పక్కనే ఎక్కించాలా అని. అత్త కళ్లజోడు సర్దుకుని మౌస్ అందుకుంది. బాణం మొదటి దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

"ఇది నొక్కితే ఇద్దరి పీడా ఒకేసారి విరగడైపోతుంది కదే."

"అత్తా."

"ఊరికే చూస్తున్నాలేవే. పక్కనే వెయ్యి."

సిస్టమ్ తెరుచుకుంది. అందులోంచి నాన్న అక్షరాలూ కనిపించాయి, బాబాయి బొమ్మలూ కనిపించాయి. అత్త ఆశ్చర్యపోయింది. "మరి వాళ్ల పాస్‌వర్డులో?"

"అవి వాళ్ల గుమ్మాలకి అత్తా. మనం సందులోంచి కిటికీలో చూస్తున్నాం."

అత్త ముఖం వెలిగిపోయింది. అటునుంచి అక్షరాలు, ఇటునుంచి పన్ను తెచ్చుకుని, పన్నుని బియ్యపుగింజంత చేసి పేరు పక్కన కూర్చోబెట్టింది. బోర్డు ప్రింటు తీసి పళ్ల డాక్టరుగారికి పంపింది. ఆయన మెచ్చుకుని ఆస్పత్రి గుమ్మం మీద పెట్టించుకున్నాడు.

కంప్యూటర్ పెట్టగానే వచ్చే జాబితాలో మూడో పేరు చేరిన సంగతి అన్నదమ్ములిద్దరూ చూశారు. అది అవతలివాడి నిర్వాకమనుకున్నారు. అడగాలంటే మాట్లాడాలి కదా, అందుకని నోరు మూసుకున్నారు. కానీ డాక్టరుగారి బోర్డు చూశాక మాత్రం ఆగలేకపోయారు. ఇద్దరూ ఒకే పూట షాపులోకి దూసుకొచ్చారు.

"అక్కా, వాడు నా అక్షరాలు దొంగిలించాడు" అన్నాడు నాన్న.

"అక్కా, వాడు నా పన్ను కాజేశాడు" అన్నాడు బాబాయి.

"పీకింది నేనేరా" అంది అత్త, కంప్యూటర్ పెట్టి తన వాటా చూపిస్తూ. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చడమంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది.

"తీసెయ్ దాన్ని" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో.

"తీసేస్తాను, అదెంత పని. ఆ జాగా మీలో ఎవరికివ్వమంటారో చెప్పండి."

నాన్న బాబాయిని చూశాడు. బాబాయి నాన్నని చూశాడు.

"ఉండనీలే అక్కా" అన్నాడు నాన్న.

"ఉంటే ఏం పోయింది" అన్నాడు బాబాయి.

"అయితే ఈ కంప్యూటరూ షాపూ అమ్మాలంటే ఇక ముగ్గురం ఒప్పుకోవాలి. నాకు అమ్మే ఉద్దేశం లేదు." అత్త కుర్చీ ముందుకు లాక్కుంది. "డాక్టరుగారి అన్నగారికి కళ్ల ఆస్పత్రి ఉందట, బోర్డు కావాలన్నారు. పెద్దాడా, అక్షరాలు చూడు. చిన్నాడా, కన్ను చిన్నదిగా వెయ్యి."

ఇద్దరూ గొణుక్కుంటూ బయటికి నడిచారు. ఒకే గుమ్మంలోంచి, ఒకరి వెనక ఒకరు. నేను అత్త పక్కన చేరాను.

"వాళ్లు నిజంగానే తీసెయ్యమని పట్టుబట్టి ఉంటే ఏం చేసేదానివి?"

"తీయడం నాకేం తెలుసే" అంది అత్త. "నువ్వు నేర్పింది పెట్టడమే కదా."