ఎవరూ చూడని ఎర్ర చుక్క

మా ఇంట్లో కుర్చీ మీద కూర్చోవాలంటే ముందు వేలితో ముట్టి చూడాలి, తడి ఆరిందో లేదో అని. మా ఆయన పెయింటరు. గేట్లు, షట్టర్లు, ఇనప బీరువాలు ఏవైనా సరే ఆయన చేతిలో పడితే కొత్తవైపోతాయి. బయట పని దొరకని రోజున ఇంట్లో సామాను మీద పడతాడు. కిందటేడు నా కుట్టుమిషనుకు నీలం వేశాడు. నేను అడిగానా? లేదు.

పని పూర్తయ్యాక ఎవరూ చూడని చోట చిన్న ఎర్ర చుక్క పెట్టడం ఆయన అలవాటు. అది ఆయన సంతకం. నా మిషను అడుగున కూడా ఉంది, నేల మీద పడుకుని చూస్తే కనిపిస్తుంది. పైన రంగు చూసి లోపలి సంగతి చెప్పేయొచ్చని ఆయనకో గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే మొన్న నా ప్రాణం తీశాడు.

మా అమ్మాయి సన్న టైర్ల రోడ్డు సైకిలు మీద కాలేజీకి వెళుతుంది. దారిలో పెద్ద దిగుడు ఉంది. ఆ దిగుడులో అది పోయే వేగం తలుచుకుంటే నాకు అన్నం సహించదు. పోయిన వారం గుంతలో పడి సైకిలు ఫోర్కు, అదే ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే భాగం, వంగిపోయింది. పిల్లకు మోకాలు గీసుకుపోయింది, అంతటితో సరిపోయింది.

ముగ్గురం మెకానిక్ దగ్గరికి వెళ్లాం. అతను నాన్చకుండా చెప్పాడు.

"పైన ఫ్రేములోకి దూరే పైపు లావు సరిపోవాలి. చక్రం తిరగడానికి చోటుండాలి. మీ బ్రేకు దానికి పట్టాలి. ఈ మూడూ చూసి కొత్తది తీసుకోండి. తేలిగ్గా ఉంటుందని వాడేసిన కార్బన్ ఫోర్కు మాత్రం కొనకండి. ఎక్కడ దెబ్బ తిందో అది చెప్పదు. ఉన్నట్టుండి విరుగుతుంది."

మెకానిక్ చూపించింది నల్లటి స్టీలు ఫోర్కు. మా ఆయన మొహం ముడుచుకున్నాడు.

"ఇదేం వాలకం, పొయ్యిలోంచి తీసినట్టుంది" అని మమ్మల్ని పక్క వీధిలోని పాత సైకిళ్ల దుకాణానికి లాక్కుపోయాడు.

అక్కడ గోడకు నెమలి మెడ రంగులో కార్బన్ ఫోర్కు ఒకటి వేలాడుతోంది. మా ఆయన దాన్ని దించి, పసిపిల్లను నిమిరినట్టు నిమిరాడు.

"చూశావా, ఎక్కడా జారిన మరక లేదు. ఎవరు వేశారోగానీ ఆ చేతికి దండం పెట్టాలి."

"ఏమండీ, మెకానిక్ చెప్పింది మీ చెవిన పడిందా?"

"అతనికి నట్లు తెలుసు, నాకు రంగు తెలుసు. లోపల తేడా ఉంటే రంగు ఇలా నిలబడదే."

"తేలిగ్గా కూడా ఉందమ్మా" అంది కూతురు. తండ్రీ కూతుళ్లు ఒకటైపోతే మా ఇంట్లో నా మాట ఎప్పుడు చెల్లింది గనక.

"సరే, రేపు దిగుడులో పిల్ల పళ్లు రాలితే వాటికీ రంగు వేద్దురుగాని" అన్నాను. వింటేనా. కాగితంలో చుట్టమని దుకాణదారుకు చెప్పేశాడు. చుట్టే ముందు, అడుగున పనితనం కూడా చూడమని కూతురి ముందు దాన్ని తిరగేశాడు.

రెండు కాళ్లూ కలిసే చోట, లోపలి వైపు, ఎర్ర చుక్క.

ఆయన అక్కడే ఉన్న పాత టైరు మీద కూలబడ్డాడు.

"ఇది నేను వేసిందే."

"అయితే దండం పెట్టుకోండి" అన్నాను. ఆయన ఆ చుక్క మీద వేలు పెట్టాడు.

"నిరుడు ఒకాయన తెచ్చాడు. ఇన్ని పనుల్లో దీని సంగతే మర్చిపోయాను. సైకిలు లారీకి గుద్దుకుందట. గోరు దూరేంత చీలిక. గోడకు అలంకారంగా తగిలించుకుంటానంటే లప్పం పెట్టి పూడ్చి, పైన రంగు వేశాను."

దుకాణదారు తెల్లబోయాడు. "నాకేం తెలుసండీ, ఎవరో అమ్మిపోయారు. కొత్తదానిలా ఉందని తీసుకున్నాను."

మా ఆయన భుజాన ఉన్న పని సంచిలోంచి లప్పం రేకు తీసి తన నీలాన్ని తానే గీకాడు. పెచ్చులు రాలిపోయి చీలిక బయటపడింది. ఫోర్కును మోకాలికి ఆనించి నొక్కాడు. ఎండుపుల్లలా విరిగింది. అంత తేలిగ్గా విరుగుతుందని ఆయనా అనుకోలేదు, రెండు ముక్కలూ పట్టుకుని అలాగే చూస్తుండిపోయాడు. పిల్ల నా పక్కకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆయన్ని నాలుగు దులిపేద్దామని నోరు తెరిచాను. గీసుకుపోయిన పిల్ల మోకాలు కంటపడింది. దాని చెయ్యి వదలకుండా దుకాణం బయటికి నడిచాను.

తిన్నగా మెకానిక్ దగ్గరికే వెళ్లి ఆ నల్ల ఫోర్కే వేయించాం. సాయంత్రం పిల్ల సైకిలు తుడుచుకుంటూ తండ్రిని పిలిచింది.

"నాన్నా, దీనికీ నెమలి రంగు వెయ్యవా?"

"వద్దమ్మా. ఏదైనా అయితే కనిపించాలి" అన్నాడు, రంగు డబ్బా మూత బిగిస్తూ.

ఆయన మాట మీద నాకేం నమ్మకం? ఆయన లోపలికి వెళ్లాక నేల మీద పడుకుని ఫోర్కు అడుగున చూశాను. ఎర్ర చుక్క కూడా పెట్టలేదు.