హేమకొక సింగిల్ ఫోటో

పామర్రు చుట్టుపక్కల ఎవరు పోయినా కబురు ముందు బంధువులకు వెళ్తుంది, ఆ వెంటనే ఫోటోల చిట్టిబాబుకు వెళ్తుంది. చావింట్లో ఫోటోలు తీయడానికి కాదు అతన్ని పిలిచేది. పెద్దకర్మ నాటికి దండ వేయడానికి పోయినవాళ్ల ఫోటో ఒకటి కావాలి. ఆ ఫోటో ఎవరింట్లోనూ ఉండదు.

ఎందుకుండదంటే, అదొక పట్టింపు. సింగిల్ ఫోటో దిగితే దానికి తొందరగా దండ పడుతుందని ఆ వైపు పెద్దవాళ్లు, అందులోనూ ఆడవాళ్లు, ఒక్కరే కెమెరా ముందు నిలబడరు. చంటిబిడ్డనైనా ఎత్తుకుంటారు, దారినపోయే తోడికోడలినైనా పక్కకు లాక్కుంటారు. బతికినన్నాళ్లూ గుంపులో దిగి, పోయాక ఒక్కరే కావాలంటే ఎక్కణ్ణుంచి వస్తారు? చిట్టిబాబు దగ్గర్నుంచే రావాలి. ఓణీల ఫంక్షన్ ఫోటోనో, మేనల్లుడి పెళ్లి ఫోటోనో తెచ్చి అతని చేతిలో పెడతారు. అతను అందులోంచి మనిషిని విడదీసి, భుజం మీద మిగిలిపోయిన పక్కవాళ్ల వేళ్లు తుడిచేసి, వెనకాల నీలం రంగు పరిచి ఇస్తాడు. ఇంటివాళ్లు దాన్ని చూసి మళ్లీ ఒక విడత ఏడుస్తారు.

ఒకప్పుడు అతనికి బస్టాండు దగ్గర స్టూడియో ఉండేది. పెళ్లిళ్లు బెజవాడ నుంచి డ్రోన్లతో దిగే కుర్రాళ్ల చేతుల్లోకి పోయాయి. స్టూడియో గది కర్రీస్ పాయింటు అయింది. మిగిలిన ఒక్క కెమెరానూ బెజవాడ సింగ్‌నగర్‌లో రిపేరుకిచ్చాడు. ఆ ఏడే బుడమేరు వాగు పొంగి బెజవాడ మీదికొచ్చింది. రిపేరు కొట్టు నీళ్లలో మునిగినప్పుడు కెమెరా కూడా దాంతోపాటే మునిగింది. అప్పట్నుంచీ ఇంట్లో ఒక మూల కంప్యూటరు పెట్టుకుని, చచ్చిపోయినవాళ్లను కత్తిరించుకుంటూ బతుకుతున్నాడు. ఈ మాట నాది కాదు, అతనిదే. నలుగురిలో నవ్వుతూ అనేవాడు. జనానికి ఆ పిచ్చి నమ్మకమే లేకపోతే తన కంచంలోకి మెతుకు రాదని కూడా అనేవాడు.

అతని భార్య హేమ ఆ నవ్వులో ఎప్పుడూ పాలుపంచుకోలేదు. ఆమెది కొల్లేటి వైపు, చేపల వ్యాపారం చేసే కుటుంబం. వాళ్లమ్మ ఆ పట్టింపును అందరికంటే గట్టిగా పట్టుకున్న మనిషి. అందుకే ఫోటోగ్రాఫరు పెళ్లామై ఉండి కూడా హేమకు ఒక్క సింగిల్ ఫోటో లేదు. ఆధార్ కార్డు మీదున్నదాన్ని ఫోటో అనడానికి కార్డుకే సిగ్గు. మేనకోడళ్ల ఫోన్లలో సెల్ఫీలు లేకపోలేదు. వాటిలో ముందు వాళ్ల మొహాలుంటాయి, వెనక ఎక్కడో మసగ్గా ఒక చీర ఉంటుంది. ఆ చీర హేమ.

రెండు కిడ్నీలూ పాడయ్యాయని, ఇక వారానికి రెండుసార్లు బెజవాడ వెళ్లి డయాలసిస్ చేయించుకోవాలని డాక్టరు చెప్పిన రోజు, తిరుగు ప్రయాణంలో బస్సు ఉయ్యూరు దాటాక హేమ అంది.

"ఏవండీ, ఒక్క మాట. నన్ను మాత్రం ఎవరి పెళ్లి ఫోటోలోంచీ కత్తిరించకండి."

చిట్టిబాబు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

"నేనున్నప్పుడే ఒకటి తియ్యండి. ఒక్కదాన్నే. మా అమ్మ లేదుగా ఇప్పుడు, తిట్టడానికి."

"తీస్తాలే," అన్నాడు అతను. "కెమెరా కొననీ."

కెమెరా కొనడం అనే పని అలా మొదలైంది. పెద్ద కెమెరా ఎత్తి పట్టుకోవడానికి అతని కుడి భుజం ఒప్పుకోదు, పైగా ఇప్పుడు ఫోన్లలోనే మంచి కెమెరాలొస్తున్నాయి కదా అనుకున్నాడు. అయితే అతనికి ఏ ఫోను పడితే ఆ ఫోను పనికిరాదు. బొత్తాం నొక్కగానే ఫోను తన సొంత తెలివి చూపించడం అతనికి గిట్టదు. మనిషి మొహం మీద ముడతలు తీసేస్తుంది, చామనఛాయను తెల్లగా చేస్తుంది, నీడలో ఉన్నదాన్ని వెలుగులోకి ఈడ్చుకొస్తుంది. ముప్ఫయ్యేళ్లు చేత్తో చేసినవాడికి ఆ పెత్తనం ఒంటికి పడుతుందా? షట్టరు ఎంతసేపు తెరుచుకోవాలో తను చెప్పాలి. ఫోకస్ ఎక్కడుండాలో తను తిప్పాలి. ట్యూబ్‌లైటు వెలుగైతే ఆ పచ్చదనాన్ని ఎంత తగ్గించాలో తను నిర్ణయించాలి. తీసింది తీసినట్టు, ఫోను చెయ్యి పడని పచ్చి ఫైలు తనకు దక్కాలి. ఇవన్నీ ఉన్న ఫోనుతోనే హేమ ఫోటో తీస్తానని పట్టుబట్టాడు.

సూర్యారావుపేట ఆసుపత్రిలో డయాలసిస్ అయ్యాక హేమకు వెంటనే బస్సెక్కే ఓపిక ఉండేది కాదు. ఏలూరు రోడ్డులో ఒక సెల్‌ఫోన్ల షాపు ఉంది, లోపల ఏసీ ఉంది, కుర్చీలున్నాయి. అక్కడ కూర్చుని కాస్త సేదతీరేవాళ్లు. షాపులో అక్షయ అనే అమ్మాయి ఉండేది. ఆ అమ్మాయిది మైలవరం. వీళ్లు తలుపు తోసుకుని రాగానే రెండు కుర్చీలు లాగేది, హేమకు మంచినీళ్లు ఇవ్వబోయి, ఆవిడ నీళ్లు ఎక్కువ తాగకూడదని గుర్తొచ్చి గ్లాసు వెనక్కి తీసుకునేది. కొనేవాళ్లో కాదో తెలియని మనుషులకు అంత మర్యాద చేయడం ఈ రోజుల్లో గొప్పే.

చిట్టిబాబు ప్రదర్శనకు పెట్టిన ఫోన్లు ఒక్కొక్కటే తీసి, ప్రో మోడ్ అనే దాంట్లోకి వెళ్లి, అంకెలు అటూ ఇటూ జరిపేవాడు. పరీక్షకు ఎదురుగా ఎవరో ఒకరు కావాలి. ఎదురుగా హేమ కూర్చుని ఉండేది.

"ఇటు తిరుగు. కదలకు. కాస్త గడ్డం ఎత్తు."

"పెళ్లిచూపుల్లో కూడా మీరు నన్నింతసేపు చూళ్లేదు," అనేది హేమ. అక్షయ నవ్వేది. హేమ కూడా నవ్వేది, సూదులు గుచ్చిన చేతిని ఒళ్లో పెట్టుకుని.

అతను ఫోటో తీసి, రెండు వేళ్లతో పెద్దది చేసి చూసేవాడు. చెంప దగ్గర జుట్టు పోగులు విడివిడిగా కనబడుతున్నాయా? మెడ కింద నీడలో ఇసుక చల్లినట్టు నలకలు ఎన్ని? ముక్కుపుడక మెరుపు ముద్దగా అయిందా, చుక్కలా నిలిచిందా? చూసి పెదవి విరిచి, ఫోటో చెరిపేసి ఫోను తిరిగిచ్చేవాడు. నలుగురు చేతులు పెట్టే ఫోన్లో ఇంటి ఆడమనిషి ఫోటో వదిలిపెట్టడం పద్ధతి కాదని ప్రతిసారీ దగ్గరుండి చెరిపేవాడు. ఎంత పద్ధతిగల మనిషో చూడండి.

ఒక ఫోనుకు షట్టరు చేతికిచ్చారు గానీ ఫోకస్ ఇవ్వలేదు. ఒకదానికి అన్నీ ఇచ్చి, పచ్చి ఫైలు పెద్ద లెన్సుకు మాత్రమే ఇచ్చారు. ఒకటి అన్నిటికీ సరేనంది, తీరా మొహానికి దగ్గరగా వెళ్తే చెవులు వెనక్కి పోయి ముక్కు ముందుకొచ్చింది. అన్నీ కుదిరినది ఒకటి దొరికితే, వచ్చే పండక్కి దాని తరువాతిది వస్తోందని అక్షయ నోరుజారింది. చిట్టిబాబు దానికోసం ఆగాడు. ఎండాకాలం పోయింది, వానలు మొదలయ్యాయి, కాలవలకు నీళ్లొదిలారు, పామర్రు చుట్టూ నాట్లు పడ్డాయి. హేమ కాళ్లకు నీరు పట్టడం మొదలైంది.

ఫోను దొరక్క కాదు. అతను భయపడ్డాడు. ఆ ఫోటో తీసిన క్షణం అది ఎందుకో ఇద్దరికీ తెలిసిపోతుంది. తను కెమెరా పట్టుకుంటే హేమ తల సర్దుకుని, బొట్టు దిద్దుకుని, దండ కింద ఎలా కనబడాలో అలా కూర్చుంటుంది. అలా కూర్చున్న మనిషిని చూడటం అతనివల్ల కాదు. పైగా, చెప్పుకుంటే నవ్వుతారు గానీ, ఊరందరి నమ్మకాన్నీ వెక్కిరించిన చిట్టిబాబుకు ఇప్పుడు లోపల ఎక్కడో అదే నమ్మకం పట్టుకుంది. తీయనంతవరకూ ఏమీ కాదు. షాపులో తీసినవి లెక్కలోకి రావు, అవి ఫోను పరీక్షలు.

చివరికి దసరా వెళ్లాక కొన్నాడు. స్టూడియో లైట్లు, వాటికి తగిలించే గొడుగులు అమ్మేసి కొన్నాడు. అన్నీ చేతికిచ్చే ఫోను, అతను కోరుకున్నట్టే ఉంది. మర్నాడు డయాలసిస్‌కు అది జేబులో పెట్టుకునే వెళ్లాడు. హేమ మంచం మీద పడుకుని, మెషీను తిరుగుతున్న చప్పుడు వింటూ, అతను ఫోను అటూ ఇటూ తిప్పి చూసుకోవడం గమనించింది.

"ఇప్పుడు తియ్యండి," అంది.

"ఇక్కడా? ఈ ట్యూబ్‌లైట్ల కిందా? మొహం పచ్చగా వస్తుంది."

"వెలుగు బాగోకపోయినా తియ్యొచ్చనేగా ఇది కొన్నారు. పచ్చదనం తగ్గించే మీట ఉందని ఏడాదిగా చెబుతున్నారు."

"ఉందనుకో. కానీ ఇంటికెళ్లాక తీద్దాం. సాయంకాలం కాలవ గట్టు మీద, ఎండ పక్కనుంచి పడేటప్పుడు. ఆ నెమలికంఠం రంగు చీర కట్టుకుందువుగాని."

హేమ అతనివంక కాసేపు చూసింది. "సరే, మీ ఇష్టం," అని కళ్లు మూసుకుంది.

ఆ సాయంకాలం ఆమెకు గట్టు దాకా నడిచే ఓపిక లేకపోయింది. మర్నాడు ముసురు పట్టింది. ఆ తరువాతి డయాలసిస్‌లో, మెషీను తిరుగుతుండగానే, బీపీ పడిపోయింది. నర్సులు తెర లాగి చిట్టిబాబును బయట నిలబెట్టారు. తెర తీసేసరికి హేమ లేదు. ఫోను అతని జేబులోనే ఉంది.

దహనం అయింది, చిన్నకర్మ అయింది. హేమ తమ్ముడు మణికుమార్ కొల్లేటి పనులన్నీ వదిలేసి ఇంట్లోనే ఉండి అన్నీ చూశాడు. పెద్దకర్మ దగ్గర పడుతుంటే నెమ్మదిగా అడిగాడు.

"బావా, అక్క ఫోటో ఒకటి చూడాలి."

చిట్టిబాబు చొక్కా తొడుక్కుని బెజవాడ బస్సెక్కాడు.

షాపు తలుపు తోయగానే అక్షయ అలవాటు కొద్దీ రెండు కుర్చీలు లాగింది. అతని వెనక ఎవరూ రాకపోవడం చూసి, అతని మాసిన గడ్డం చూసి, రెండో కుర్చీ మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయింది.

"అక్కడ కిటికీ పక్కన ఒక నల్ల ఫోను ఉండేదమ్మా," అన్నాడు చిట్టిబాబు. "దాంట్లో ఆవిణ్ణి తీశాను. చెరిపేశాననుకో. చెరిపేసినవి కూడా కొన్నాళ్లు చెత్తబుట్టలో ఉంటాయంటారు కదా, ఒక్కసారి చూస్తావా?"

"రోజూ షాపు కట్టేముందు అన్నీ మొత్తం క్లీన్ చేసేస్తామండి," అంది అక్షయ. "ఆ పీసులు కూడా మార్చేశారు. పాతవి వెనక్కి వెళ్లిపోయాయి." గొంతు తగ్గించి అంది. "ఎన్ని తీశారండీ మీరు. ఒక్కటైనా మీ ఫోనుకి పంపించుకోవాల్సింది."

"పరీక్షకేగా అని," అన్నాడు చిట్టిబాబు.

బస్సులో కూర్చుని ఆ ఫోటోల్ని గుర్తు తెచ్చుకోవడానికి చూశాడు. చెంప దగ్గర జుట్టు పోగులు గుర్తొచ్చాయి. మెడ కింద నలకలు గుర్తొచ్చాయి. ముక్కుపుడక మీది తెల్లటి చుక్క గుర్తొచ్చింది. వాటి మధ్యలో ఉండాల్సిన మొహం కోసం ఎంత తడుముకున్నా అతని వేళ్లకు అవే తగిలాయి. కంకిపాడు దాటాక, పక్కసీటువాళ్లకు కనబడకుండా, కండువాలో మొహం దాచుకుని ఏడ్చాడు.

ఇంటికొచ్చేసరికి మణికుమార్ తన పెళ్లి ఆల్బమ్ కొల్లేటి నుంచి తెప్పించి పెట్టాడు. ఆ ఫోటోలు చిట్టిబాబు తీసినవే. వధూవరులు మధ్యలో, అత్తలూ మామలూ వాళ్లకు అటూ ఇటూ, చిట్టచివర హేమ, పక్కావిడ చెయ్యి ఆమె భుజం మీద. ప్రతి శుభకార్యంలోనూ అంతే. వచ్చినవాళ్లను మధ్యలో నిలబెట్టి, "నువ్వు ఇంటిమనిషివేగా, ఆ చివరికి పో," అనేవాడు. ఇరుకు పందిట్లో అందరూ పట్టాలని వెడల్పు లెన్సు వేసేవాడు. ఆ లెన్సు మధ్యలో ఉన్నవాళ్లను ఉన్నట్టు చూపిస్తుంది, చివర ఉన్నవాళ్ల మొహాలను పక్కకు సాగదీస్తుంది. ఆ సంగతి తెలిసే ఆమెను అక్కడ నిలబెట్టాడు, ఆమె ఏమీ అనుకోదని.

కంప్యూటరు ముందు కూర్చుని ఫోటో ఎక్కించాడు. అంచు వెంబడి హేమను విడదీశాడు. భుజం మీది వేళ్లు తుడిచేశాడు. ఇక సాగిన మొహాన్ని లోపలికి నెట్టాలి. ఈ పని అతనికి కొట్టిన పిండి. మామూలుగా అతను మెల్లమెల్లగా నెడుతుంటే వెనక నిలబడ్డ ఇంటివాళ్లలో ఎవరో ఒకరు, "ఇదిగో, ఇక్కడ ఆపండి, ఇదే మా అమ్మ," అంటారు. అతను ఆపుతాడు.

హేమ మొహం కాస్త సన్నబడింది. ఇంకాస్త సన్నబడింది. మరీ కోలగా అయిపోయిందనిపించి వెనక్కి లాగాడు, మళ్లీ నెట్టాడు.

"చాలేమో బావా," అన్నాడు వెనకనుంచి మణికుమార్. "అక్క ఇలాగే ఉండేది కదా? నువ్వే చెప్పు, రోజూ చూసినవాడివి."

చిట్టిబాబు మౌసు మీద వేలు పెట్టుకుని తెరవంక చూస్తున్నాడు. ఎక్కడ ఆపాలో అతనికి తెలియలేదు.