నా నెత్తిన మొలిచిన కొబ్బరిపీచు

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ అయిన ఐదో నెలలో ఒక ఉదయం తల దువ్వుకుంటుంటే దువ్వెన నుదుటి దగ్గర ఆగిపోయింది. వెనక జుట్టు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. ముందు కొత్తగా మొలిచింది మాత్రం గరుకుగా, మెలికలు తిరిగి, కొబ్బరిపీచులా నిలబడింది. అదీ నా జుట్టే. వెనక నుంచి తీసి ముందు నాటారు. జానెడు ప్రయాణానికే ఇంత మారిపోవాలా?

మాది చీరల వ్యాపారం. నాన్న రెండు వేళ్లతో నలిపి చూసి, "ఒరేయ్, ఇది పట్టు కాదు, గోనె" అన్నారు. నవ్వేశాను. తర్వాత బాత్రూంలో తలుపేసుకుని, ఏడుపు వినపడకుండా కుళాయి తిప్పాను. నీళ్లు రాలేదు. ఏడవాలన్నా మోటారు వెయ్యాల్సిందే.

నాకు సర్జరీ చేసిన పటమటలోని క్లినిక్‌కి వెళ్తే అక్కడి కౌన్సెలర్ మురిసిపోయింది. "గ్రోత్ సూపర్ సార్!"

"గ్రోత్ కాదండీ, టెక్స్చర్."

"సీరమ్ రాయండి సార్. పోనీ, స్మూతెనింగ్ చేయించుకోండి."

సీరమ్‌కి దిండు గలీబులు మెత్తబడ్డాయి. స్మూతెనింగ్‌కి నెత్తి మండి, ఉన్న వెంట్రుకలు విరిగాయి. ఇక డాక్టర్నే చూస్తానని కూర్చున్నాను. సర్జరీ రోజు ఆయన పెన్నుతో హెయిర్‌లైన్ గీసి వెళ్లిపోయారు, నాటింది టెక్నీషియన్లు.

"కొందరికి ఇలా అవుతుందండీ" అన్నారు తాపీగా.

"మరి ముందు చెప్పలేదేం?"

"చెబితే భయపడతారు కదా."

అంటే తెలుసు! తెలిసే నా తలని నాకు అమ్మారు. ఒళ్లు మండిపోయింది. అరిచాను. బయట కూర్చున్నవాళ్లలో ఇద్దరు లేచి వెళ్లిపోయారు. ఆ రోజు క్లినిక్‌లో జరిగిన మంచిపని అదొక్కటే.

గుణదలలో ఇంకో డెర్మటాలజిస్ట్ డెర్మోస్కోప్ అనే భూతద్దం పెట్టి చూశారు. "ఫాలికల్స్, అంటే వెంట్రుక కుదుళ్లు, బాగానే ఉన్నాయి బాబూ. వెనక నుంచి తీసిన గ్రాఫ్ట్స్ నాటేలోపు బయట ఎక్కువసేపు ఉండి ఆరిపోయినా, గాయం మానే చోట మచ్చ కట్టడం వల్లైనా ఇలా రావచ్చు. నీకెందుకొచ్చిందో కచ్చితంగా చెప్పలేను. చాలామందికి ఏడాది, ఏడాదిన్నరలో మెత్తబడుతుంది. అందరికీ అనను. ఆ కెమికల్స్ మాత్రం ఆపెయ్." తెలియదని చెప్పిన మొదటి మనిషి ఆవిడే. ఆవిణ్ణే నమ్మాను.

ఇప్పుడు రెండో ఏడు నడుస్తోంది. సగం మెత్తబడింది. నుదుటి అంచు ఇంకా మొండికేస్తోంది, పొట్టిగా కత్తిరించుకుంటున్నాను. కోపం అలాగే ఉంది. దానికి సీరమ్ లేదు.

మీరు ట్రాన్స్‌ప్లాంట్‌కి వెళ్లేముందు ఒక్క పని చెయ్యండి. ఫొటోలు చూసి మురిసిపోకండి, ఫొటోలో గరుకు కనపడదు. అక్కడే చేయించుకుని ఏడాది దాటిన మనిషిని చూపించమనండి. ఆయన ఒప్పుకుంటే జుట్టు తాకి చూడండి. సిగ్గుపడకండి. రేపు మీ తల మీద అంతమంది చేతులు పెడతారు. ఇవాళ మీరొకరి తల మీద చెయ్యి పెడితే తప్పేం లేదు.