తెల్లగా మిగిలిన మట్టి

మా మార్గిలాన్ పట్టణంలో పట్టుదారాలకు రంగులద్దే కార్ఖానాలు చాలా ఉన్నాయి. వాటి మురుగు మోసే కాలవలూ ఉన్నాయి. మవ్జూదా అలాంటి కాలవ ఒడ్డునే పుట్టింది. చిన్నప్పుడే తండ్రి పోతే రంగుల కార్ఖానా నడిపే పెదనాన్న కొడుకు తుల్కిన్ ఆమెను పెంచి చదివించాడు. రసాయనశాస్త్రం చదివి ఫెర్గానా నగరంలో ప్రయోగశాలలో చేరిన మవ్జూదా బంకమట్టితో మురుగు శుభ్రం చేసే పనిలో పడింది. మామూలు బంకమట్టి ఈ పట్టు రంగులను అంతగా పట్టుకోదు. సబ్బు జాతి మందులో నానబెట్టి, కడిగి, ఆరబెడితే నీళ్లలోని రంగును లాగి తనలో ఉంచేసుకుంటుంది. మందు ఎక్కువైతే అదే నీళ్లలోకి దిగుతుంది. ఆ పాళ్లు కుదరడానికి ఆమెకు ఏళ్లు పట్టింది.

"నా కార్ఖానాలోనే పెడదాం, చెల్లీ," అన్నాడు తుల్కిన్. పీపాల్లో మట్టి నింపి ఎర్రనీళ్లు పోస్తే అడుగునుంచి తేటగా వచ్చాయి. మా వాడలోవాళ్లంతా చూశారు.

"ఇక ఈ నీళ్లు మా తోటకి పెట్టుకోవచ్చా?" అని అడిగింది పొరుగింటి సబోహత్.

"పెట్టుకో పిన్నీ, పూచీ నాది," అంది మవ్జూదా.

ఆ మాట మీద మేమందరం ఆ నీళ్లే వాడాం. ఎండలు ముదిరాక సబోహత్ మళ్లీ వచ్చింది. "నీళ్లు అద్దంలా ఉన్నాయే, మరి మా ఆవు మూతి తిప్పుకుంటుందేంటి?"

మవ్జూదా కబురు పెట్టకుండా కార్ఖానాకు వెళ్లి పీపా మూత తీసింది. రంగు పీల్చి దానిమ్మ తొక్కలా ఎర్రబడాల్సిన మట్టి, వేసిననాటిలాగే తెల్లగా ఉంది. రంగునీళ్ల గొట్టం పీపాను తప్పించుకుని తిన్నగా కాలవలోకి పోతోంది. పక్కన బ్లీచింగ్ పౌడరు బస్తాలు.

"నీ మట్టిలోంచి నీళ్లు చుక్కచుక్కే దిగుతాయి. అంతసేపు పట్టు పని ఆగుతుందా?" అన్నాడు తుల్కిన్.

"చెప్పొచ్చుగా అన్నయ్యా! గింజలుగా చేసిస్తే గబగబా దిగేవి. బ్లీచింగుతో రంగు పోతుందిగానీ విషం పోతుందా? నా మొహం చూసి నమ్మారు వాళ్లు."

"అందుకేగా నిన్ను ముందు పెట్టింది."

ఆమె పీపాలో చెయ్యి పెట్టి పిడికెడు తెల్లమట్టి తీసింది. అది అలాగే పట్టుకుని, ప్రతి గుమ్మానికీ వెళ్లి జరిగింది చెప్పింది. సబోహత్ ఆమెను లోపలికి రమ్మనలేదు, ఇంటికొచ్చినవాళ్లకు మర్యాదగా పెట్టే రొట్టె తుంచి పెట్టలేదు.

"నీ మాట నమ్మి మనవరాలికి ఆ నీళ్లతో పండిన టమాటాలే పెట్టానే!"

"తిట్టు పిన్నీ. ముందు నాతో రా."

ఆడవాళ్లందరం వెళ్లి కార్ఖానా గేటుకు అడ్డంగా కూర్చున్నాం. సాయంత్రానికి ఆ గొట్టం ఊడింది. తర్వాత మవ్జూదా గింజల మట్టి చేసింది, తనే దగ్గరుండి పీపాలు నింపించింది. నీళ్లు నిజంగానే బాగుపడ్డాయి. అయినా సబోహత్ ఇంట్లో ఆమెకు మునుపటి ఆదరణ లేదు.

మొన్న తన ఇంటి ముందు నుంచి ఆమె వెళ్తుంటే తుల్కిన్ పిలిచాడు. "చెల్లీ, టీ తాగి వెళ్లు."

తనను పెంచిన ఆ ఇంటి ముందు మవ్జూదా అడుగు ఆపలేదు. మలుపు తిరిగాక గోడకు ఆనుకుని చాలాసేపు ఏడ్చింది.